యజమాని లేని ఇంటి వార్త

(బి.డి. శర్మ స్మృతిలో భద్రాచలంలో చేసిన ఉపన్యాస పాఠం)



బ్రహ్మదేవ్ శర్మ గారి పేరు మీద జరిగే సభలో ఆదివాసీ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చిన పీసా చట్టం గురించో, ఆ ప్రాంతాలకు రాజ్యాంగం ఇచ్చిన రక్షణ, అయిదో షెడ్యూలు గురించో మాట్లాడటం ఆనవాయితీ. నేనూ అక్కడికే వస్తాను. కాకపోతే చుట్టుదారిన వస్తాను. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలుపెట్టి, గోదావరి దాటి, గూడెంలో గ్రామసభ దగ్గర ఆగుతాను. శర్మ గారు గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి. ఎక్కడో దొరికిన పరిష్కారం ఇక్కడి లెక్కకు పనికొస్తుందా అని చూడటం ఆయనకు తప్పుగా తోచదనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

నేను చెప్పదలచింది ఒక్క మాట. యజమాని లేని చోటికి వార్త కోసం వెళ్లిన విలేకరి ముందు యజమానిని వెతుకుతాడు. కనిపించకపోతే దగ్గర్లో నిలబడ్డవాణ్ని యజమానిని చేసేస్తాడు. పదిమందిదైన వ్యవస్థలో పాలన పద్ధతి మారినప్పుడు ఇది మరీ ఎక్కువ. ఎవరో ఇచ్చారు, ఎవరో లాక్కున్నారు, ఎవరో అలిగి వెళ్లిపోయారు. వార్తలన్నీ ఇవే. మేమంతా కూర్చుని పద్ధతి మార్చుకున్నాం అన్న అసలు సంగతి మాత్రం వార్త కాకుండా పోతుంది. ఇందులో విలేకరి తప్పు సగమే. మిగతా సగం, చెప్పాల్సింది చెప్పాల్సిన వేళకు చెప్పని ఆ పదిమందిది.

శర్మ గారికి ఈ సంగతి స్వయంగా ఎదురైంది. 1960ల చివర్లో ఆయన మన పొరుగున ఉన్న బస్తర్‌కు కలెక్టర్. 1986 నుంచి 1991 దాకా షెడ్యూల్డ్ కులాలు, తెగల కమిషనర్. ఆ తర్వాత ఏ పదవీ లేకుండా ఊరూరా తిరిగి 'మావా నాటే మావా రాజ్', అంటే మా ఊళ్లో మా రాజ్యం అన్నాడు. 2012 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని సుకుమా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్‌ను మావోయిస్టులు ఎత్తుకుపోయినప్పుడు ఆయన, మన ప్రొఫెసర్ హరగోపాల్ గారు మధ్యవర్తులుగా వెళ్లారు. ఆ జిల్లాలోని చింతల్నార్ వైపు టీవీ బళ్లు బారులు తీరాయి. ఆ రోజుల్లో దేశానికి ఆయన పరిచయం 'మావోయిస్టుల తరఫు మధ్యవర్తి' అని మాత్రమే. ఒకప్పుడు అదే నేలకు కలెక్టర్‌గా పనిచేశాడన్నది ఎక్కడో అడుగున ఒక వాక్యం. నువ్వు ఎవరి మనిషివో తేలనిదే నీ మాట రాయలేని అలవాటు పత్రికలకు ఉంది. నేనూ ఆ అలవాటులోనే ఏళ్ల తరబడి జీతం తీసుకున్నవాణ్ని.

ఇక సాఫ్ట్‌వేర్. ఓపెన్ సోర్స్ అంటే తెలియని పెద్దలకు రెండు ముక్కలు. ప్రోగ్రామ్ మూలపాఠాన్ని దాచుకోకుండా బయట పెడతారు. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున నడిచే లినక్స్ అలాంటిదే. అలాంటివాటిని వేలమంది కలిసి రాస్తారు. కొందరికి కంపెనీలు జీతాలిస్తాయి, కొందరు ఇష్టంతో రాస్తారు. వాటికి షావుకారు లేడు. కానీ కట్టుబాటు ఉంది. ఏ మార్పు లోపలికి రావాలి, ఏది రాకూడదు, తగువొస్తే ఎవరు తీర్చాలి అన్నవి ముందే అనుకుని ఉంటారు. ఆ కట్టుబాటు మారినప్పుడు బయటి ప్రపంచానికి ఎలా తెలుస్తుందన్నదే మన విషయం.

పైథాన్ అనే కంప్యూటర్ భాష 1991లో బయటికొచ్చింది. రాసినవాడు గీడో వాన్ రోసమ్ అనే డచ్ దేశస్థుడు. పాతికేళ్లకు పైగా ఏ వివాదమైనా చివరి మాట ఆయనదే. తోటివాళ్లు సరదాగా పెట్టిన బిరుదుకు అర్థం 'బతికినంతకాలం దయగల నియంత'. 2018లో ఒక కోలన్, పక్కన ఒక ఈక్వల్స్ గుర్తు కలిపి భాషలోకి తేవాలా వద్దా అని పెద్ద రభస అయింది. తేవాలనే ఆయన తేల్చాడు. తేల్చాక జులై 12న తోటివాళ్లకు ఉత్తరం రాశాడు. ఇక ఈ బాధ్యత నాకొద్దు, వారసుణ్ని నేను పెట్టను, ఎలా నడుపుకుంటారో మీరే చూసుకోండి అన్నది దాని సారం.

బయటి పత్రికలకు ఇంతకంటే రుచికరమైన వార్త ఏముంటుంది? రాజు గద్దె దిగాడు. మరి తర్వాత ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే పైథాన్‌వాళ్లు 'ఎవరు' అని కాదు, 'ఎలా' అని ఆలోచిస్తున్నారు. తర్వాతి అయిదు నెలల్లో వాళ్లు చేసిన పని నాకు ముచ్చటగా అనిపిస్తుంది. ముందు, ఇతర సాఫ్ట్‌వేర్ సముదాయాలు తమను తాము ఎలా పాలించుకుంటున్నాయో వాకబు చేసి ఒక పత్రం రాశారు. తర్వాత 8010 నుంచి 8016 దాకా వరుస నెంబర్లతో ఏడు ప్రతిపాదనలు, ఎవరైనా చదువుకునేలా, బయట పెట్టారు. ఒకదాంట్లో ఒక్కడే నాయకుడు, ఒకదాంట్లో ముగ్గురు, ఇంకోదాంట్లో అసలు నాయకుడే లేడు. డిసెంబరులో ఓటు వేసి 8016ను ఎంచుకున్నారు. దాని ప్రకారం 2019 ఫిబ్రవరిలో అయిదుగురి మండలి వచ్చింది. గీడో కూడా అందులో ఒకడు, అయిదుగురిలో ఒకడు మాత్రమే. ఒక కంపెనీ నుంచి ఇద్దరికి మించి మండలిలో ఉండకూడదని రాసుకున్నారు. ఓటేసిన సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది వద్దంటే మండలిని దించవచ్చని రాసుకున్నారు.

జులై వార్తకు పత్రికల్లో దొరికిన చోటు డిసెంబరు వార్తకు దొరకలేదు. అయినా కొంప మునగలేదు. పైథాన్ దిక్కులేనిదైందని ఎవరైనా అంటే, ఇదిగో నెంబరు, ఇదిగో తీర్మానం, ఇదిగో ఓట్ల లెక్క అని చూపించడానికి కాగితం ఉంది. ఓడిపోయిన ఆరు ప్రతిపాదనలు కూడా ఈనాటికీ పక్కనే ఉన్నాయి. గెలిచింది ఒక్కటే ఉంచి మిగతావి చించేసి ఉంటే, ఎవరెవరు ఏమన్నారో పదేళ్ల తర్వాత పుకార్లలో వెతుక్కోవాల్సి వచ్చేది.

అదే ఏడు సెప్టెంబరులో లినక్స్‌లో వ్యవహారం ఇంత సాఫీగా జరగలేదు. లినక్స్ మూలకర్త లినస్ టోర్వాల్డ్స్ తన కటువు మాటలకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు సెలవు అన్నాడు. అంతకుముందే ఒక అమెరికన్ వారపత్రిక ఆయన మాటతీరు మీద ప్రశ్నలు పంపి ఉంది. అదే సమయంలో ప్రవర్తనా నియమావళి మారింది. కొద్దిమంది సంతకాలతో, పెద్దగా చర్చ లేకుండా మారింది. దాంతో ఈ రెంటికీ లంకె పెట్టి బయట కథలు అల్లారు. ఈ నియమాలు పెడితే రాసిన కోడ్‌ను వెనక్కి తీసుకుంటామని రచయితలు బెదిరిస్తున్నారన్న ప్రచారం లోకమంతా తిరిగింది. నెల తర్వాత, ఈ నియమావళిని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే పత్రం ఇంకొకటి చేర్చారు. మొదటి రోజే చేర్చాల్సిన కాగితం అది. ఒక్కటి మాత్రం సరిగ్గా చేశారు. లినస్ లేనన్నాళ్లూ విడుదలలు తోటి నిర్వాహకుడు గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ చూసుకుంటాడని మొదటి రోజే చెప్పారు. ఫోన్లు, సర్వర్లు నడిపేవాళ్లకు కావలసింది ఆ ఒక్క ముక్క.

రస్ట్ అనే మరో భాష విషయంలో 2021 నవంబరు 22న మర్యాదల బాధ్యత చూసే బృందం మొత్తం రాజీనామా చేసింది. తమ పైనున్న ప్రధాన బృందం ఎవరికీ జవాబుదారీ కాకుండా కూర్చుందని ఆరోపించారు. ఏం జరిగిందో మాత్రం చెప్పలేదు. చెప్పకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, ఫిర్యాదు చేసినవాళ్ల పరువు కాపాడాలి కదా. కానీ సగం చెప్పి ఆగిన మాట మొత్తం దాచిన మాటకంటే ఎక్కువ దూరం పోతుంది. కొత్త నాయకత్వ మండలి 2023 జూన్‌కు గానీ రాలేదు. ఆ ఏడాదిన్నర బయటివాళ్లు ఊహించిందే వార్త.

ఇప్పుడు గోదావరి దాటుదాం.

నేను పత్రిక ఖమ్మం డెస్క్‌లో పనిచేసేటప్పటికి చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం విలేకరుల వార్తలు ఆర్టీసీ బస్సు కవర్లలో వచ్చేవి. సాయంత్రం బస్సు డ్రైవర్ చేతికిచ్చిన కవరును రాత్రి బస్టాండ్‌లో మా కుర్రాడు అందుకునేవాడు. కవరు విప్పితే రూళ్ల కాగితం మీద నీలం సిరా అక్షరాలు. 'గ్రామసభ ఏకగ్రీవంగా తీర్మానించింది' అని రాసి ఉండేది. డెస్క్‌లో ఎర్ర పెన్ను పట్టుకున్నవాడికి వెంటనే ఒక అనుమానం: ఎవరన్నారు? సభ అంటే సరిపోదు. సభకు పేరు లేదు, ఇంటిపేరు లేదు, ఫొటో అంతకన్నా లేదు. కాబట్టి 'సర్పంచ్ తెలిపారు' అయ్యేది. ఇంకా పైకి వెళ్తే 'ఐటీడీఏ పీవో హామీ' అయ్యేది, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాజెక్టు అధికారి హామీ. రాత్రి పదింటికి ప్రింటింగ్‌కు వెళ్లేలోపు ఊరి నిర్ణయం ఒక అధికారి దయగా మారిపోయేది. కుట్ర ఏమీ లేదు. మాట అన్నవాడి పేరు లేకుండా వాక్యం అచ్చుకు పోకూడదన్న మంచి నియమమే ఈ పని చేసేది.

ఇంకో రకం ఉంది. మీకందరికీ కంఠోపాఠమైన హెడ్డింగ్: 'గ్రామసభ రసాభాస'. పీసా కింద ఇసుక మీద ఊరికి మాట చెల్లుతుంది. గోదావరి ఒడ్డున ఏ ర్యాంపు ఏ గిరిజన సొసైటీకి అన్నది సభలో తేలాలి. సొసైటీలు రెండుంటాయి, ఒక్కోదాని వెనక ఒక కాంట్రాక్టరు ఉంటాడు, మైకు లాక్కుంటారు, కుర్చీలు లేస్తాయి. ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. మూడు గంటలు కూర్చుని లెక్కపెట్టి తేల్చిన సభకు మాత్రం ఫొటో రాదు. గొడవ జరిగిన సభలు మాత్రమే పేపర్లోకి ఎక్కితే, పట్నంలో చదివేవాడికి ఏమనిపిస్తుంది? వీళ్లకెందుకండీ సభలు, అధికారులే చూసుకుంటే పోదా అనిపిస్తుంది. పీసా చట్టం 1996 డిసెంబరు 24న వచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రంలో నియమాలు రావడానికి 2011 మార్చి దాకా పట్టింది. ఆ పద్నాలుగేళ్లలో దాని మీద వచ్చిన వార్తలకూ, ఆ తర్వాత ఇసుక గొడవల మీద వచ్చిన వార్తలకూ పోలిక లేదు.

పోడు పట్టాల సంగతి, అంటే అడవి కొట్టి సాగుచేసుకుంటున్న భూముల హక్కు పత్రాల సంగతి తీసుకోండి. అటవీ హక్కుల చట్టం 2006. ఆ చట్టం ప్రకారం దరఖాస్తు పుట్టేది గ్రామసభలో, ఆ సభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీలో. సభకు ఊళ్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. చట్టం ఎక్కడా భూమి ఇస్తున్నాం అనదు, ఉన్న హక్కును గుర్తిస్తున్నాం అంటుంది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రం మొత్తం మీద లక్షన్నర మందికి, నాలుగు లక్షల ఎకరాలకు పైగా. అందులో పెద్ద వాటా మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. మర్నాటి పత్రికల్లో ముఖ్యమంత్రి చేయి ఉంది, ఆ చేతిలో పట్టా ఉంది, అందుకుంటున్న ఆదివాసీ మహిళ ఉంది. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాళ్లు. సర్వే గొలుసు వెంట పొలం గట్టున నడిచిన కమిటీ సభ్యులు ఎక్కడా లేరు. ప్రభుత్వాలు ఏ పార్టీవైనా ఈ ఫొటోనే తీయిస్తాయి, అది వాళ్ల పని. గ్రామసభల తరఫున ఒక్క ప్రెస్ నోట్ వచ్చిందా? మేం ఇన్ని దరఖాస్తులు చూశాం, ఇన్ని సరే అన్నాం, ఇన్ని కాదన్నాం, సబ్ డివిజన్ కమిటీ ఇన్ని తిప్పి పంపింది అని చెప్పే కాగితం ఒక్కటైనా నా కంట పడలేదు. లెక్కలన్నీ రిజిస్టర్లలోనే ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద పాలన మార్పు మన కళ్లముందే జరిగింది. 2014 మే 29న ఆర్డినెన్స్. జూన్ 2న తెలంగాణ పుట్టకముందే ఏడు మండలాల భవిష్యత్తు తేలిపోయింది. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా, బూర్గంపాడు కొంత, భద్రాచలం మండలంలో ఈ పట్టణం తప్ప మిగతాదంతా ఆంధ్రప్రదేశ్‌కు. జులైలో పార్లమెంటు ఆమోదం. ఈ మార్పుకు కారణమైన పోలవరం ప్రాజెక్టు వాదోపవాదాల్లోకి నేను ఇప్పుడు పోను, దానికి ఇంకో సభ కావాలి. నేను అడిగేది ఒక్కటే. ఆ ఊళ్ల గ్రామసభలను అడిగి చేసిన మార్పు కాదది, సరే. కనీసం మార్పు ఏమిటో ఎవరు చెప్పారు? చాలామందికి టీవీ స్క్రోలింగే చెప్పింది. బయటి మీడియా లోపలివాళ్లకు వాళ్ల ఇంటి వార్త చెప్పింది. దాంతో రాష్ట్రం మారింది అన్న ఒక్క ముక్క అందింది, మిగతాదేదీ అందలేదు. రేషన్ ఎక్కడ, పింఛను ఎవరిస్తారు, పిల్లవాడి కులపత్రం ఏ తహసీల్దారు, భూమి తగాదా ఏ కోర్టు? అయిదో షెడ్యూలు రక్షణ పోదు, పీసా పోదు అన్న మాట ఎంతమందికి ఎవరు చెప్పారు? ఏం మారిందో నాలుగు దిక్కులా అరిచారు, ఏం మారలేదో ఎవరూ చెప్పలేదు. భయమంతా పుట్టేది ఆ రెండోదాని దగ్గరే.

ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీల వాళ్లు ఇక్కడ కొందరున్నారు. మీ ఊరు పట్టణాన్ని ఆనుకునే ఉంది, రాష్ట్రం వేరు. పట్టణానికి చెత్త వేసుకునే చోటు లేదు. మమ్మల్ని తిరిగి తెలంగాణలో కలపండి అని మీరు ఏళ్లుగా అడుగుతున్నారు. ఆ కోరిక పత్రికల్లో ఎప్పుడూ ఫలానా నాయకుడి డిమాండ్‌గానే వస్తుంది.

ఇదే మార్పును ఇంకొక సముదాయం ఎలా రాసుకుందో చెప్తాను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. జీతం లేని సంపాదకులు నడుపుతారు. వాళ్లు కట్టుబాట్లు చర్చించుకునే చోటికి 'రచ్చబండ' అనే పేరు పెట్టుకున్నారు. కూనవరం ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2014లో తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా. కుక్కునూరు పశ్చిమ గోదావరి మీదుగా ఏలూరు జిల్లాకు వెళ్లింది. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాక, ప్రభుత్వ ఉత్తర్వులు దగ్గర పెట్టుకుని ఊరూరి పేజీ మార్చారు. ఎవరు, ఏ రోజు, ఏ వాక్యం మార్చారో మార్పుల చరిత్ర తెరిస్తే కనిపిస్తుంది. మార్పు తప్పని అనుకున్నవాడి అభ్యంతరం కూడా చర్చ పేజీలో చెరగకుండా ఉంటుంది. నేను అక్కడ అప్పుడప్పుడు చేతులు పెడతాను కాబట్టి పక్షపాతం ఉందని అనుకోండి, ఫర్వాలేదు.

అంత బాహాటంగా నడిచే వికీపీడియాకూ యజమాని బెడద తప్పలేదు. 2024 జులైలో ఏఎన్ఐ వార్తా సంస్థ ఢిల్లీ హైకోర్టులో పరువునష్టం దావా వేసింది. రాసింది ఎవరో పేర్లు చెప్పమని కోర్టు అడిగింది. ఆ కేసు గురించి రాసిన పేజీని అక్టోబరులో తీసేయమంది. నవంబరులో కేంద్ర సమాచార శాఖ, మిమ్మల్ని ప్రచురణకర్తగా ఎందుకు చూడకూడదు అని అడిగింది. పేజీ తీసేయమన్న ఉత్తర్వును 2025 మే 9న సుప్రీంకోర్టు రద్దు చేసింది. గెలుపోటముల మాట పక్కన పెడితే, ఆ నెలల్లో మన టీవీ చర్చల్లో అడిగిన ప్రశ్న ఒక్కటే: దీని వెనక ఎవరున్నారు? వికీపీడియాలో నిర్ణయాలు ఎలా జరుగుతాయో తెలుగులో సామాన్యుడికి అర్థమయ్యేలా రెండు పేజీలు ముందే రాసి విలేకరుల దగ్గర ఉంచి ఉంటే ఆ చర్చలు కొంతైనా వేరుగా ఉండేవని నా నమ్మకం. గొడవ వచ్చాక చెప్పే వివరణ సంజాయిషీలా వినబడుతుంది.

ముందే చెప్పి ఉంచడం అంటే ఏమిటో భద్రాచలానికి ఎవరూ నేర్పక్కర్లేదు. 43 అడుగులు, 48, 53. ఈ మూడు అంకెలు ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది. 2022 జులైలో నీరు 71 అడుగులు దాటినప్పుడు కూడా విలేకరులు గందరగోళ పడలేదు, ఎందుకంటే ఏ అంకెకు ఏం చేయాలో వరద రాకముందే తేలి ఉంది. కలెక్టరు మారినా, ప్రభుత్వం మారినా ఆ అంకె మారదు. హైదరాబాద్ నుంచి వచ్చిన కొత్త యాంకర్ కూడా పొద్దుటికల్లా నేర్చేసుకుంటుంది. గ్రామసభ కోరం ఎంత, తీర్మానం ఎలా చెల్లుతుంది, ఎవరి మాట చివరిది అన్నవి కూడా ఈ అంకెల్లాగే అందరి నోళ్లలో ఉంటే, రసాభాస అన్న హెడ్డింగ్ పెట్టేముందు డెస్క్ ఒక క్షణం ఆగుతుంది.

ఒక కష్టమైన ఉదాహరణ చెప్పకుండా తప్పించుకోలేను. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర అటవీ రేంజ్ అధికారిని చంపేశారు. ఘోరం జరిగింది, తర్వాతి ఏడాది కోర్టు ఇద్దరికి జీవిత ఖైదు వేసింది. అయితే హత్య జరిగిన ఆ వారంలోనే, నిందితులు గుత్తికోయలు కావడంతో, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఆ ఆదివాసీలందరినీ వెనక్కి పంపేయాలని బెండాలపాడు పంచాయతీ తీర్మానించిందన్న వార్త దేశమంతా తిరిగింది. చదివినవాళ్లకు 'ఊరు వెలివేసింది' అని అర్థమైంది. ఊరంటే ఎవరు? పంచాయతీ వేరు, గూడెం సభ వేరు. అటవీ హక్కుల చట్టం దృష్టిలో గూడెమే సభ. వెళ్లగొట్టాలన్న తీర్మానంలో, వెళ్లగొట్టబడేవాళ్లు కూర్చున్నారా? నలుగురిని ఊరి నుంచి గెంటే అధికారం ఏ పంచాయతీకి ఏ చట్టం ఇచ్చింది? వార్త రాసినవాడు ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటి అడిగినా హెడ్డింగ్ వేరుగా ఉండేది. పదిమంది పేరు మీద వచ్చే ప్రతి కాగితమూ పదిమందిది కాదు. ఓపెన్ సోర్స్‌వాళ్లకూ ఇదే జబ్బుంది. సముదాయం నిర్ణయించింది అంటారు, చూస్తే నలుగురు.

అందుకే బయటికి పంపే కాగితం ప్రచార పత్రం కాకూడదు. పీఆర్ వాళ్లు రాసే నోట్లు నేను వేలకొద్దీ చూశాను. అందులో అందరూ హర్షం వ్యక్తం చేస్తారు. సభ రాసే నోట్‌లో హర్షం అక్కర్లేదు. ఏ రోజు, ఎక్కడ, ఎంతమంది కూర్చున్నారు, ఆడవాళ్లెందరు, నిన్నటిదాకా నిర్ణయం ఎవరు చేసేవారు, రేపటి నుంచి ఎవరు చేస్తారు. అంతకంటే ముఖ్యంగా, ఏది మారలేదు. ఇంకా తేలనిది ఏమిటి. వద్దన్నవాళ్లు ఏమని వద్దన్నారు, అది వాళ్ల మాటల్లోనే. అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, అతను ఎన్నాళ్లు ఆ బాధ్యతలో ఉంటాడు. ఒక పేజీ దాటక్కర్లేదు.

ఇది ముందు ఇంట్లో చదవాలి, తర్వాతే బయటికి. కోయ భాషలో చదవాలి. తెలుగు కాగితం కలెక్టరాఫీసుకు పోతుంది, ఇంగ్లీషు కాగితం ఢిల్లీకి పోతుంది, కోయలో మాత్రం ఎవరూ ఏదీ చదవరు, చివరికి అసలు మనుషులకు వాట్సాప్ ఫార్వర్డ్ మిగులుతుంది. సరిహద్దు అవతలి ఛత్తీస్‌గఢ్ అడవిలో 2010 నుంచి సీజీనెట్ స్వర అనే ఫోన్ వార్తల పద్ధతి నడిచింది. గోండి మాట్లాడే మనిషి ఫోన్ చేసి తన ఊరి సంగతి చెప్తే, దాన్ని సరిచూసి మిగతావాళ్లకు వినిపించేవారు. చదువు రాకపోయినా వార్త ఇవ్వొచ్చు, వినొచ్చు. ఆ మాటలు విని అధికారులు కదిలిన సందర్భాలున్నాయి, బయటి విలేకరులు అక్కడి నుంచి వార్తలు అందుకున్న సందర్భాలున్నాయి. చెప్పేవాళ్లు ముందు తమవాళ్లకు చెప్పుకున్నారు, బయటివాళ్లు వచ్చి విన్నారు. వరుస అది.

మిత్రులు ఒక అభ్యంతరం చెప్తారని తెలుసు. గ్రామసభ కార్యదర్శికి ఇంత తీరిక ఎక్కడిది, సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే పొద్దస్తమానం తెర ముందు కూర్చోవడమే పని కదా అని. నిజమే. కానీ తీర్మానాల రిజిస్టరు ఎలాగూ రాస్తున్నారు. పేజీ నెంబరు వేసి, స్టాంపు ప్యాడు మీద బొటనవేలు అద్ది నొక్కిన ముద్రలతో సహా రాస్తున్నారు. నేను చూసిన రిజిస్టర్లలో లోపం శ్రమది కాదు. తీర్మానం కిందే 'అందరి ఆమోదంతో' అని ముగించి, ఆ ముందు జరిగిన రెండు గంటల వాదనను వదిలేస్తారు. ఆ వాదనకు నాలుగు వాక్యాలు ఇవ్వండి. మిగతా నోట్ దానంతటదే తయారవుతుంది. ఈ పని సర్పంచ్‌కు అప్పగించకండి, కాంట్రాక్టరు మనిషికి అసలే వద్దు. పీసా నియమాల కింద ఎన్నుకున్న సభ కార్యదర్శి రాయాలి, సభ ముందు చదివి వినిపించాలి, ఆ తర్వాతే విలేకరికి ఇవ్వాలి.

వెనక నిలబడ్డ నా విలేకరి మిత్రులకు ఒక మనవి. మీ డెస్క్‌లు ఎవరన్నారు అని అడుగుతూనే ఉంటాయి. ఇకమీదట 'గ్రామసభ, ఫలానా తేదీ, తీర్మానం నెంబరు ఇంత' అని రాయండి. కాపీలో ఆ నెంబరు ఉంటే ఎర్ర పెన్ను కూడా దాన్ని సర్పంచ్ పేరుగా మార్చడానికి జంకుతుంది. గూడెంలోకి వెళ్లినప్పుడు నాయకుడెవరు అని అడిగేముందు రిజిస్టరు ఎక్కడుంది అని అడగండి. చూపిస్తే చదివి రాయండి. చూపించకపోతే, చూపించలేదని రాయండి.